దగ్గరుండి తాగించాలి

దాని పేరు బలం పొడి. నీళ్ళలో కలిపితే గులాబీ రంగుకి తిరుగుతుంది గానీ, రుచి మాత్రం అచ్చంగా గోడకి కొట్టే సున్నానిదే. డబ్బా మీద నోరూరేలా పళ్ళ బొమ్మ వేశారు. బొమ్మ వేసినవాడు పళ్ళు తిన్నవాడే, పొడి చేసినవాడే ఎప్పుడూ తిన్నట్టు లేదు. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్ది బతికినవాణ్ణి. పైన రాసిందొకటి, లోపల ఉన్నదొకటి అయితే నాకు ఒళ్ళు మండుతుంది.

బరువు తగ్గానని ఈ పొడి నాకు రాసింది పెద్ద డాక్టరు. నాకే కాదు, ఈ హోములో ఉన్న ముసలివాళ్ళందరికీ ఆయన ఏదో ఒక బలం రాశాడు. ఒకరికి ఎముకల బలం, ఒకరికి నరాల బలం, ఇంకొకరికి రక్తం పట్టే సిరప్పు. ఎదురు గదిలో ఉండే ఆవిడకైతే ఉన్న రంగులన్నీ రాసేశాడు. అందుకే ఆవిణ్ణి మేమంతా రంగుల మామ్మ అంటాం. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "డాక్టర్ గారూ, ఇవన్నీ నిజంగా పనిచేస్తాయా?"

ఆయన స్టెతస్కోపు మెడలోంచి తీస్తూ నవ్వాడు. "చేస్తే చేస్తాయి, లేకపోతే లేదు. పోయేదేముందండీ? ఈ వయసు వాళ్ళ దగ్గరికొచ్చి ఏమీ రాయకుండా వెళ్ళిపోతే, వీడు మమ్మల్ని పట్టించుకోలేదని బాధపడతారు. రాయడం నా పని, తాగడం మీ పని."

నా పని నేను నాకు తోచినట్టు చేశాను. ఆయా గ్లాసు బల్ల మీద పెట్టి అటు వెళ్ళగానే, దాన్ని తీసుకెళ్ళి వాష్ బేసిన్‌లో పోసేసేవాణ్ణి. అలా ఎన్నాళ్ళు పోశానో, చివరికి గొట్టం పూడుకుపోయింది. ప్లంబరు వచ్చి విప్పితే గులాబీ రంగు ముద్ద బయటపడింది. "ఇదేంటి సార్, లోపల మిఠాయి కొట్టు పెట్టారా?" అన్నాడు వాడు. హెడ్ నర్సు నడుం మీద చేతులు పెట్టుకుని, ప్లంబరు ముందే నన్ను చడామడా తిట్టింది. తర్వాత మంచానికి తగిలించిన చార్టు లాగి, పొడి పేరు పక్కన విసురుగా ఏదో రాసి వెళ్ళిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. "దగ్గుండి తాగించాలి."

దగ్గరుండి అని ఆవిడ ఉద్దేశం. నోటితో అయితే అందరం దగ్గుండి అనే అంటాం, దానికేం తప్పు లేదు. కాయితం మీద మాత్రం 'దగ్గు' అన్నది గుండ్రంగా, స్పష్టంగా ఉంది, ఆ తర్వాతిది కోపంతో లాగిన గీత. చూసేవాళ్ళకి ఈ ముసలాయనకి దగ్గు కాబోలు అనిపిస్తుంది. కనపడ్డవాళ్ళ మాటల్లో, గోడలకి అంటించిన నోటీసుల్లో తప్పులు పడతానని ఇక్కడ నాకు 'అచ్చుతప్పు' అని పేరు పెట్టారు. అలాంటివాణ్ణి ఆ ఒక్క మాటని మాత్రం దిద్దకుండా వదిలేశాను. చూసినప్పుడల్లా నవ్వొచ్చేది, అందుకని.

మర్నాటి నుంచి ఆయా గ్లాసు పెట్టి వెళ్ళిపోవడం మానేసింది. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"తాగండి సార్. నేను చూస్తుంటాను."

"నన్ను చూడ్డానికేముంది? నేనేమన్నా సినిమానా?"

"చూడకపోతే పారబోస్తారుగా. నాకు అక్షింతలు పడ్డాయి మీ వల్ల."

మొదట్లో నాకు చచ్చేంత నామోషీగా ఉండేది. ఒకరు కళ్ళప్పగించి చూస్తుంటే గుటక ఎలా దిగుతుంది? మింగలేక కక్కలేక ఒక్కో గుక్కకి మొహం చిట్లించుకునేవాణ్ణి. "ఇది పొడా, పుట్టీయా? దీంతో కిటికీ అద్దాలు అతికించుకోవచ్చు" అని తిట్టేవాణ్ణి. ఆవిడ నవ్వేది. ఉత్తినే కూర్చోవడం ఆవిడకి చేతకాదు కాబట్టి మాట్లాడేది. పొద్దుటి టిఫినుకీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య, కారిడార్లు కడిగాక, గ్లాసు ఖాళీ అయ్యేదాకా మాట్లాడేది.

ఏం మాట్లాడేదని? లోకాన్ని ఉద్ధరించే మాటలేమీ కాదు. వాళ్ళ అత్తగారు టీవీ రిమోటు దిండు కింద పెట్టుకుని నిద్రపోతుందట, మెల్లిగా లాగబోతే నిద్రలోనే చెయ్యి పట్టుకుంటుందట. వాళ్ళ మరిది కొత్త బండి కొని పాత బండి కన్నా మెల్లిగా నడుపుతాడట. ఆవిడ కుడి మోకాలు వాన పడే ముందు చెబుతుందట గానీ, మోకాలు చెప్పిన రోజున ఎప్పుడూ వాన పడలేదట. ఒకరోజు సంతోషంగా వచ్చి, "మా అత్తా నేనూ రాజీనామా అయిపోయాం సార్" అంది.

"రాజీనామా అంటే ఉద్యోగం వదిలెయ్యడం. మీరు రాజీ పడ్డారు."

"అదే సార్, ఆవిడ అత్తగా రాజీనామా ఇచ్చింది, మేం రాజీ పడ్డాం" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ముక్కులోకి పొడి నీళ్ళు పోయి దగ్గాను. చార్టులో రాసింది నిజమైంది.

నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకంటే ఏం చెప్పను, తెల్లారితే అచ్చుకి పోవాల్సిన పేజీలు రోజూ ఉండేవి, అవి దిద్దుతూ దిద్దుతూ తలెత్తి చూసేసరికి జుట్టు నెరిసింది. తుంటి ఎముక విరిగాక మా మేనల్లుడు నన్ను ఇక్కడ చేర్చాడు. మంచివాడే, ఫోన్ చేస్తాడు. "టైముకి తింటున్నావా మామయ్యా?" అంటాడు. "ఆ" అంటాను. "జాగ్రత్త మామయ్యా" అంటాడు. "ఆ" అంటాను. ప్రశ్నా జవాబూ తెలిసిన పరీక్ష అది, ఇద్దరం పాసవుతాం. అంతకుమించి నాతో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. తుడిచేవాళ్ళు కాళ్ళెత్తమంటారు, మందులిచ్చేవాళ్ళు నోరు తెరవమంటారు. వాటిని మాటలు అనుకుంటే నాకు మాటలకి కొదవ లేదు. కూర్చుని మాట్లాడింది మాత్రం ఆయా ఒక్కతే.

ఆ సంగతి ఆవిడకి ఏనాడూ చెప్పలేదు. రోజూ పొడిని తిట్టాను, ఆవిడ ఆలస్యంగా వస్తే ఆవిణ్ణీ తిట్టాను. కానీ పొద్దున్న లేవగానే గడ్డం గీసుకునేవాణ్ణి. చొక్కా గుండీలు అన్నీ సరిగ్గా పెట్టుకునేవాణ్ణి. ఆవిడ వెళ్ళాక ఆకలేసేది, మధ్యాహ్నం పళ్ళెం ఖాళీ చేసేవాణ్ణి. నా చొక్కాలు పొట్ట దగ్గర బిగుతయ్యాయి. పెద్ద డాక్టరు నా బరువు చూసి, "చూశారా పొడి మహిమ!" అని తన భుజం తానే తట్టుకున్నాడు.

తర్వాత ఆయన రిటైరయ్యాడు. ఆయన స్థానంలో ఒక డాక్టరమ్మ వచ్చింది. బూట్లు వేసుకుని చకచకా నడుస్తుంది. మధ్యాహ్నం ఆవరణలో తన కారులోనే కూర్చుని, డబ్బా తెరుచుకుని ఒక్కత్తీ తింటుంది. నా కిటికీలోంచి కనిపిస్తుంది. వచ్చిన వారంలోనే ఒక్కో గదికీ వెళ్ళి, ఒక్కో చార్టూ తీసి, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టడం మొదలుపెట్టింది. ప్రెస్సు భాషలో దాన్ని కొట్టివేత అంటాం, నేను ఆవిడకి ఆ పేరే పెట్టాను. కారిడారంతా గగ్గోలు. రంగుల మామ్మ కర్ర టకటకలాడించుకుంటూ నా గుమ్మంలోకి వచ్చింది.

"చూశారా అన్నయ్యగారూ! నా గుండె మాత్ర తీసేసింది! రేపు నాకేమన్నా అయితే?"

వెనకాలే వచ్చిన డాక్టరమ్మ, "అది గుండెది కాదమ్మా, జుట్టు రాలకుండా ఇచ్చేది" అంది.

మామ్మ తల తడుముకుంది. "మరి అదీ రాలిపోయిందిగా!"

"అందుకే తీసేశాను."

నేను పకపకా నవ్వాను. నా వంతు వెనకే ఉందని అప్పుడు తోచలేదు.

డాక్టరమ్మ నా చార్టు తీసి చాలాసేపు చూసింది. "దగ్గు ఉందా మీకు?"

"లేదండీ" అన్నాను, నవ్వు ఆపుకుంటూ. అది దగ్గు కాదు తల్లీ, ఒక అక్షరం జారిపోయిందని చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే రెండో మాటలోకి వెళ్ళిపోయింది.

"బరువు బాగుంది. రక్తం బాగుంది. మరి ఈ పొడి దేనికి? చూడండి, లోపం ఉందని పరీక్షలో తేలినవాళ్ళకి నేనే ఇస్తాను. నాకు ఈ మందులతో పగేం లేదు. ఉత్తినే బలానికని ఇవ్వడమే నాకు నచ్చదు. పొద్దున్నుంచీ మాత్రలూ పొళ్ళూ సిరప్పులతో కడుపు నింపేస్తే తిండికి చోటెక్కడుంటుంది? మీరు భోజనం బాగా చేస్తున్నారు కాబట్టి బాగున్నారు. డబ్బాలో పొడి వల్ల కాదు."

ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. నేను ఇన్నాళ్ళూ అనుకున్నదీ అదే. సరిగ్గా అప్పుడే ఆయా గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. సంగతి అర్థమై ఆవిడ మొహం వెలిగిపోయింది.

"తీసెయ్యండి డాక్టరమ్మా, మీకు పుణ్యముంటుంది. సారుకి అది అస్సలు సయించదు. రోజూ ఎంత అవస్థ పడతారో నేను చూడలేకపోతున్నాను. పుట్టీ అంటారు, సున్నం అంటారు. పాపం, గుక్క గుక్కకీ నరకమే."

నోరా, వీపుకు తేకే అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. డాక్టరమ్మ నావైపు చూసింది. "అంతేనా అండీ?"

కాదు అనడానికి ఎంతసేపు? అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు, గుమ్మంలో చెవి ఒగ్గిన రంగుల మామ్మ. ఈవిడ వచ్చి కూర్చుంటుంది కాబట్టి నాకీ పొడి కావాలి అని ఈ వయసులో ఏ మొహం పెట్టుకుని చెప్పను? "అంతే" అన్నాను. ఎర్ర గీత పడింది. పొడితో పాటు ఆ దగ్గు కూడా పోయింది.

"హమ్మయ్య, పీడ వదిలింది సార్ మీకు" అంది ఆయా. ఆ గ్లాసు తనే తీసుకెళ్ళి బేసిన్‌లో పారబోసింది.

మర్నాడు గడ్డం గీసుకున్నాను, అలవాటు కొద్దీ. చొక్కా మార్చుకున్నాను. కారిడారు కడిగిన వాసన వచ్చింది, ఆరిపోయింది. మందుల బండి చక్రాల చప్పుడు నా గుమ్మం దాకా వచ్చి, ఆగకుండా ముందుకు పోయింది. ఆయాకి అలా మిగిలిన సమయాన్ని కింది వార్డులో స్నానాలు చేయించే పనికి కలిపేశారట. ఇక్కడ ఆయాల పనంతా చార్టుల్లో ఉన్నదాన్ని బట్టే పంచుతారు. చార్టులో లేని మనిషి దగ్గర ఎవరికీ పని ఉండదు. ఎప్పుడన్నా కారిడార్లో కనిపిస్తే దూరం నుంచే చెయ్యి ఊపేది. "హాయిగా ఉన్నారా సార్?" అని అరిచేది. "ఆఁ, బ్రహ్మాండంగా" అని నేనూ అరిచేవాణ్ణి.

ఒకరోజు బెల్లు కొట్టాను. అదృష్టం కొద్దీ ఆవిడే వచ్చింది, చేతులు తడిగా ఉన్నాయి.

"ఏంటి సార్?"

"మంచినీళ్ళు."

ఆవిడ బల్ల వైపు చూసింది. "జగ్గు నిండా ఉన్నాయిగా?"

"ఓహో, చూసుకోలేదు."

"కళ్ళజోడు పెట్టుకోండి సార్. కింద ఒకాయనకి సబ్బు రాసి వదిలేసి వచ్చాను" అని పరుగెత్తింది. వాళ్ళ అత్తగారు ఎలా ఉందని అడగడానికి కూడా వ్యవధి లేకపోయింది. ఆ సబ్బు ముసలాయన మీద నాకు నిజంగా అసూయ కలిగింది. ఇంత బతుకూ బతికి ఇలాంటి స్థితికి వచ్చానేమిట్రా అనుకుని మళ్ళీ బెల్లు ముట్టుకోలేదు.

ఆకలి దానంతటదే పోయింది. మొదట కావాలని చేసింది కాదు. పళ్ళెం ఎదురుగా పెట్టుకుంటే ముద్ద లోపలికి పోయేది కాదు, అంతే. ఒకరోజు చొక్కా వేసుకుంటుంటే మెడ దగ్గర రెండు వేళ్ళు దూరేంత ఖాళీ కనిపించింది. అప్పుడు తట్టింది. పెద్ద డాక్టరు నాకు పొడి రాసింది నేను బరువు తగ్గాననే కదా? తగ్గితే మళ్ళీ రాస్తారు. రాస్తే మళ్ళీ తాగించాలి.

ఇక అక్కణ్ణుంచి కావాలనే చేశాను. ఇక్కడ భోజనం స్టీలు పళ్ళెంలో మూత పెట్టి వస్తుంది. రెండు ముద్దలు కెలికి, మూత పెట్టి పంపించేస్తే లోపల ఏముందో ఎవరూ చూడరు. మూత తీసి చూడటం ఎవరి పనీ కాదు మరి. లంఖణం పరమౌషధం అన్నారు కదా, నేనూ ఆ మందే తాగుతున్నాననుకుని నవ్వుకునేవాణ్ణి. కానీ పస్తులతో వేళాకోళమా? పగలు నిద్ర పట్టేది, రాత్రి పట్టేది కాదు. పేపరు చదువుతుంటే వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి, ఎన్ని అచ్చుతప్పులున్నా ఒక్కటీ దొరికేది కాదు. ఒక పొద్దున్న గడ్డం గీసుకుంటూ కళ్ళు తిరిగి బేసిన్ పట్టుకుని వేలాడాను. తుంటి మళ్ళీ విరిగితే ఇక లేచేది లేదు. ఆ సంగతి తెలిసీ మధ్యాహ్నం మూత పెట్టి పంపించేశాను. మనిషి ఒంటరిగా ఉంటే మొండితనమే చుట్టమవుతుంది.

బరువు చూసే రోజున డాక్టరమ్మ యంత్రం వైపు చూసి, కిందికి దిగి మళ్ళీ ఎక్కమంది. మళ్ళీ అంతే వచ్చింది. ఆవిడ మొహంలో రంగు మారింది. అక్కణ్ణుంచి పరీక్షలు. రక్తం తీశారు, కడుపు మీద చల్లటి జిగురు రాసి స్కానింగు చేశారు, నోట్లోంచి గొట్టం వేస్తామన్నారు. నాకు భయం వేసింది. పొడి రాయడానికి ఇంత తతంగం ఉంటుందని ఎవడనుకున్నాడు? కొరివితో తల గోక్కున్నాను.

గొట్టం వెయ్యడానికి ముందు, తన రౌండ్లు లేని రోజున, డాక్టరమ్మ ఒక్కతే నా గదికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది. ఆయా కూర్చునే స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ స్టూలు మీద వేరే మనిషిని చూడటం నాకు అదోలా అనిపించింది.

"పరీక్షలన్నీ బాగున్నాయి" అంది. "అదే నాకు అర్థం కావడం లేదు. గొట్టం వేసి చూడటం ఒక్కటే మిగిలింది. ఈలోగా ఆ పొడి మళ్ళీ మొదలుపెడతాను. దాని మీద నాకు నమ్మకం లేదు. కానీ నేను తీసేశాకే మీరు తగ్గారు, కాబట్టి తప్పు నాదేనేమో. రోజూ ఒక గ్లాసు. చిన్న పొట్లాల్లో వస్తోంది ఇప్పుడు, ఇక్కడ బల్ల మీద పెట్టిస్తాను, మీరే కలుపుకుని తాగండి."

"నేనే కలుపుకోవాలా?"

"మీకు ఒకరు తాగించాలా? పెద్దమనిషి మీరు, చదువుకున్నవారు."

గౌరవం ఇచ్చి గొంతు కోయడమంటే ఇదే. ఇన్నాళ్ళు మాడ్చుకున్న కడుపు బల్ల మీద పొట్లాల పాలు కాబోతోంది. "నన్ను నమ్మకండి డాక్టర్ గారూ" అన్నాను. "నేను పారబోస్తాను. ఇదివరకు పారబోసి గొట్టం పూడ్చాను. కావాలంటే ప్లంబర్ని అడగండి."

ఆవిడ పెన్ను ఆపింది. "పారబోస్తే ఇక రాయడం ఎందుకు?"

ఆవిడ మామూలుగానే అడిగింది. ఇక నాకు దాక్కునే చోటు లేకపోయింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నాకు అడగడం చేతకాదు, ఎప్పుడూ అడగలేదు, అడగకుండానే ఇంత వయసు వచ్చేసింది. బేసిన్ వైపు చూస్తూ చెప్పాను.

"అది దగ్గు కాదండీ. దగ్గరుండి. హెడ్ నర్సు రాతలో అలా పడింది. దగ్గరుండి తాగించాలని రాస్తే ఆయా వచ్చి ఆ స్టూలు మీద కూర్చునేది. గ్లాసు అయ్యేదాకా. మీరు కొట్టేశాక రావడం లేదు. తిండి నేనే మానేశాను. మూత పెట్టి పంపిస్తున్నాను. గొట్టం వెయ్యకండి, లోపల ఏం లేదు."

ఆవిడ పెన్నుకి మూత పెట్టింది. తర్వాత లేచి నిలబడింది. "మీకు పెద్ద జబ్బేమో, నా కళ్ళ ముందు పెరిగిపోతుంటే కనుక్కోలేకపోయానేమో అని నేను నిద్రపోవడం లేదు తెలుసా? కళ్ళు తిరిగి పడి ఉంటే? ఎవరైనా ఇలా చేస్తారా?"

"చెయ్యకూడదు" అన్నాను. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి.

ఆవిడ కిటికీ దాకా వెళ్ళి, కింద ఆపిన తన కారు వైపు చూస్తూ నిలబడింది. కోపం మెల్లిగా దిగింది. "నేను దగ్గు అనే చదివాను" అంది. మళ్ళీ వచ్చి కూర్చుంది. "పొడి పనిచెయ్యదని మీకు చెప్పాను. మీరు బరువు పెరగడం మాత్రం నిజం. ఎందుకు పెరిగారని నేను అడగలేదు."

"ఆయాని ఊరికే రమ్మని రాయలేరా?"

"ఏమని రాయను? మనిషిని రాయడానికి ఇందులో గడి లేదండీ. మందు ఉంటేనే ఆఫీసు వాళ్ళు ఆ పనికి మనిషిని ఇస్తారు." చార్టు ఒళ్ళో పెట్టుకుని పెన్ను మూత తీసింది. తీసి, కొంచెంసేపు అలాగే ఉండిపోయింది. తను నమ్మని మందు రాయడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు. తప్పని తెలిసిన మాటని అచ్చుకి వదలాల్సి వచ్చినప్పుడు నా చెయ్యీ అలాగే ఆగేది. చివరికి రాసింది. రాసి నాకు చూపించింది. పొడి పేరు, దాని పక్కన ఒక్కో అక్షరం విడివిడిగా, దగ్గరుండి తాగించాలి.

"తప్పులున్నాయా?"

"లేవండీ."

"రేపటి నుంచి మూత తీసి చూడమని వంటవాళ్ళకి చెబుతున్నాను. పళ్ళెం ఖాళీగా రాకపోతే ఇది మళ్ళీ కొట్టేస్తాను" అని వెళ్ళిపోయింది.

మర్నాడు గడ్డం గీసుకుంటుంటే రెండు చోట్ల తెగింది. కారిడారు కడిగారు. బండి చక్రాలు నా గుమ్మం ముందు ఆగాయి. ఆయా గ్లాసు పట్టుకుని లోపలికి వచ్చింది, మొహం మాడ్చుకుని ఉంది. ఆవిడకి రావడం ఇష్టం లేదేమో అన్న ఆలోచన ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా నాకు రాలేదు.

ఆవిడ స్టూలు మీద కూలబడింది. "చూశారా సార్, ఎంత చిక్కిపోయారో! మళ్ళీ ఈ దరిద్రం మీ ప్రాణానికి తగులుకుంది. నేను బతిమాలి తీయించాను, ఆవిడ మళ్ళీ రాసింది. ఉండండి, పోయి మళ్ళీ చెబుతాను."

"వద్దు."

"మీరు మొహమాటపడకండి సార్. నేను చెబుతాగా..."

"వద్దన్నానా! రాయించుకుంది నేనే."

ఆవిడ తెల్లబోయింది. "మీరా? ఇది మీకు విషం కదా?"

విషమే. ఇప్పటికీ విషమే. గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. తిట్టడానికి నాలుక చివర ఎన్ని మాటలు సిద్ధంగా ఉన్నాయో. అవన్నీ పక్కకి నెట్టి, ఏడు పదులు దాటాక మొదటిసారి ఒక మనిషిని ఒకటి అడిగాను. "నువ్వు కూర్చుంటావని రాయించుకున్నాను. పొడి లేకపోయినా వచ్చి కూర్చుంటావా?"

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. నా మొహం వంక చూసింది, గడ్డం మీద తెగిన చోట్ల వంక చూసింది. చేతుల తడి ఎప్పుడో ఆరిపోయినా చీర కుచ్చిళ్ళకి మళ్ళీ తుడుచుకుంది. కూర్చుంటాను సార్, దానికేం భాగ్యం అని ఒక అబద్ధం ఆడితే నేను పట్టుకునేవాణ్ణి కాదు. ఆవిడ ఆడలేదు.

"ఎలా సార్?" అంది మెల్లిగా. "కింద వార్డంతా నాదే ఇప్పుడు. రాసి ఉంటేనే కదా నన్ను పంపేది."

"అవును. నిజమే."

కారిడార్లో ఎవరో ఆవిణ్ణి కేకేశారు. "వస్తున్నా, సారుకి తాగిస్తున్నా" అని గట్టిగా జవాబు చెప్పింది. నేను తొందరపడి గ్లాసు నోటి దాకా ఎత్తాను. ఆవిడ చెయ్యి చాపి గ్లాసు అడుగు పట్టుకుని కిందికి దించింది.

"మెల్లిగా తాగండి" అంది.

వాళ్ళ అత్తగారు ఎలా ఉందని అడిగాను. చెప్పింది. మోకాలి సంగతి అడిగాను. అదీ చెప్పింది. పొడి అడుగున గడ్డకట్టింది. ఎంత మెల్లిగా తాగినా గ్లాసు గ్లాసే కదా. ఆఖరి గుక్క దాకా కూర్చుని, గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.